రెక్క అడుగున గీత

ఏప్రిల్ వచ్చిందంటే మా దీవి దక్షిణపు గట్టు మీద ఓక్ చెట్ల కింద తెల్ల లిల్లీలు వేలకొద్దీ పూస్తాయి. తలలు వంచుకుని, రెక్కలు వెనక్కి విరుచుకుని నిలబడతాయి. ఆకుల మీద జింకపిల్ల ఒంటి మచ్చల్లాంటివి ఉంటాయి కనక వాటిని జింకపిల్ల లిల్లీలంటాం. మా దీవిలో అవి తెల్లవే. గులాబీ రంగువి ఇక్కడ ఉండకూడదు.

కానీ ఉన్నాయి. పాత తోట రాతిగోడ కింద, ఒక మంచం వేసుకునేంత జాగాలో.

ఆ వసంతంలో మేవిస్ థోర్బర్న్‌కి కంటి మీద కునుకు లేకుండా చేసినవి అవే. మేవిస్‌కి యాభై ఎనిమిదేళ్ళు. మొక్కల్ని చూసి ఏది ఏ జాతిదో తేల్చి చెప్పడం ఆమె పని. ఆ గట్టును బాగుచేసే సంఘం ఆమెను పిలిచి, ఏది ఈ నేల మొక్కో, ఏది బయటి నుంచి వచ్చిందో చెప్పమంది. బయటివాటి పక్కన నారింజ రంగు జెండా గుచ్చాలి. శనివారం ఊళ్ళోవాళ్ళంతా పారలు పట్టుకొచ్చి, జెండా ఉన్నవాటినల్లా తవ్వి తీసేస్తారు. ఐవీ తీగలు, డాఫడిల్ పూలు, నీలిగంట పూలు అన్నిటికీ జెండాలు పడ్డాయి. గులాబీ లిల్లీల దగ్గర మాత్రం ఆమె చెయ్యి ఆగిపోయింది.

బుధవారం సన్నటి తుంపరలో ఆమె ఆ మొక్కల ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉండగా గార్త్ విన్‌స్లేడ్ వచ్చాడు. సంఘానికి పెద్ద అతనే. డెబ్బై మూడేళ్ళవాడు. ఆ గట్టు ఒకప్పుడు వాళ్ళ కుటుంబానిదే. యుద్ధం అయ్యాక వాళ్ళ నాన్న కొన్నాడు. నాలుగేళ్ళ కిందట గార్త్ దాన్ని దీవికి రాసిచ్చేశాడు, ఎవరూ కాలు పెట్టకముందు ఎలా ఉందో అలా ఉండాలని.

"ఏమన్నా తేలిందా?" అన్నాడు.

"మొగ్గలున్నాయి. విచ్చలేదు."

"నిరుడూ ఇదే మాట చెప్పావు."

"నిరుడు జింకలు తినేశాయి. తిన్నది నేను కాదు."

ఈసారి మేవిస్ వాటి మీద ఇనప వల బోర్లించింది. అయినా జింకలు మూతులు దూర్చి అందినవి కొరికేశాయి. పూతకొచ్చిన మొక్కల్లో ఇక రెండు మొగ్గలే మిగిలాయి.

"అసలేముంది అంత తేల్చడానికి?" అన్నాడు గార్త్. "గులాబీగా ఉంది. మనది కాదు."

"గులాబీవి రెండు రకాలు గార్త్. ఒకటి మనదే, పెద్ద దీవిలో పడమటి ఏటిగట్ల మీద ఉంటుంది. ఇక్కడిదాకా ఎలాగో వచ్చిందంటే వింతేగానీ తప్పు కాదు, ఉండనివ్వచ్చు. రెండోది జపాన్‌ది. బయట్నుంచి చూస్తే రెండూ అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. లోపల చూడాలి. మనదానికి రెక్క అడుగున పసుపు పట్టీ ఉంటుంది, పుప్పొడి తిత్తులూ పసుపే. జపాన్‌దానికి అడుగున ముదురు ఊదా గీత, పిల్లలు గీసిన కొండల బొమ్మలా వంకరటింకరగా ఉంటుంది. తిత్తులూ ఊదావే."

"మరి వేళ్ళతో విప్పి చూడరాదూ."

"చూడొచ్చు," అంది మేవిస్. చూడలేదు.

చూడకపోవడానికి కారణం ఆమె గార్త్‌కి చెప్పలేదు. పదిరోజుల కిందట ఆమె ఆ మొగ్గల ఫోటో, వెనకాల గోడతో సహా, దీవి వాళ్ళ వెబ్ పేజీలో పెట్టింది. మర్నాడే లోపలి కొండల్లోని కామ్‌లూప్స్ ఊరి నుంచి కోరీన్ అనే ఆవిడ ఫోన్ చేసింది. "మా అమ్మకి ఎనభై మూడేళ్ళండీ. ఆ ఫోటో చూసిన దగ్గర్నుంచీ అన్నం సరిగా తినడం లేదు. ఆ గోడ వాళ్ళ నాన్న కట్టిందంటోంది. ఆ పువ్వు వాళ్ళమ్మ జపాన్ నుంచి తెచ్చిందంటోంది. నాకేం తెలీదు. తీసుకొచ్చి చూపించమంటోంది. గుండె జబ్బు మనిషి."

అప్పట్నుంచి మేవిస్‌కి గుబులు. లోపల పసుపుంటే ఆ ముసలావిడ అంత దూరం వచ్చి ఉత్త చేతులతో పోతుంది. ఊదా ఉంటే ఆవిడ కళ్ళ ముందే జెండా గుచ్చాలి.

శుక్రవారం మధ్యాహ్నం పడవలో తల్లీకూతుళ్ళు దిగారు. వాన పడుతూనే ఉంది. సుమియే తెరమోతో చిన్న మనిషి, చేతికర్ర, మెడదాకా బొత్తాలు పెట్టుకున్న నీలం కోటు. కోరీన్ ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో తల్లి మోచెయ్యి పట్టుకుంది.

"నెమ్మదిగా అమ్మా. జారుతోంది."

"ఇక్కడ జారుతుందని నాకు తెలుసు. నీకంటే ముందు నేను పడ్డాను ఇక్కడ."

ఏడేళ్ళ వయసులో ఆ దీవి విడిచిన మనిషి. జపాన్‌తో యుద్ధం వచ్చాక ఇక్కడి సర్కారు తీరంలో ఉన్న జపాన్ వాళ్ళందరినీ, ఇక్కడే పుట్టినవాళ్ళతో సహా, మనిషికి రెండు పెట్టెలతో లోపలి కొండల్లోకి పంపేసింది. ఇళ్ళూ పొలాలూ వేరేవాళ్ళకి అమ్మేసింది. ఆవిడ మళ్ళీ రాలేదు.

గోడ దగ్గరికి రాగానే సుమియే కర్ర కూతురికిచ్చి, రెండు చేతులూ రాళ్ళ మీద పెట్టింది. తరవాత కళ్ళతోనే చోట్లు వెతుక్కుంటూ చెప్పింది.

"అక్కడ టమాటాల గాజుపందిరి. ఇటు కోళ్ళు. ఇక్కడ వేణ్ణీళ్ళ స్నానాల గది, పొయ్యి రాజేయడం నా పని. దాని వెనకాల..." ఆగింది. మొగ్గల వైపు చూసింది. "ఇంకా విచ్చలేదా?"

"ఎండ లేదుగా," అంది మేవిస్.

"అవును. చలి తగిలితే ముడుచుకుంటుంది, ఎండొస్తే గానీ తల ఎత్తదు. మా అమ్మా అంతే. దీన్ని కటకురి అనేది. మా అమ్మ పుట్టిల్లు జపాన్‌లో, తొట్టొరి కొండల్లో. పెళ్ళయి ఓడెక్కినప్పుడు ఈ దుంపల్ని తడి నాచులో చుట్టి, బట్టల మధ్య పెట్టుకుని తెచ్చింది."

"కావాలంటే మెల్లిగా విప్పి చూపిస్తానండీ. ఇప్పుడే తేలిపోతుంది."

"వద్దమ్మాయ్. ఇన్నేళ్ళు ఆగాను. దాన్ని ఏడిపించి చూడను." కాసేపాగి, చాలా మామూలుగా అడిగింది: "రేపు ఇక్కడ తవ్వుతారటగా. ఎంత లోతు తవ్వుతారు?"

"ఇది బయటిదని తేలితేనే. దీని దుంప లోతుగా ఉంటుంది. జానెడున్నర దాకా పార దించాలి. అడుగున ముక్క మిగిలినా మళ్ళీ మొలుస్తుందని ఇంకొంచెం కూడా తవ్వుతారు."

సుమియే గోడ మీది చెయ్యి తీసి, ఆ మొక్కల కింది నేల వైపు చూసింది.

"అంతకంటే లోతునే ఉంటుందిలే," అంది ఆవిడ తనలో తాను.

"ఏంటమ్మా?" అంది కోరీన్.

"ఏం లేదు. కాళ్ళు లాగుతున్నాయి."

సాయంత్రానికి గాలి పెరిగి ఆఖరి పడవ రద్దయింది. మేవిస్ వాళ్ళని తన ఇంటికే తీసుకెళ్ళింది. తల్లి మాత్రలు రేవులో మరిచిపోయామని కోరీన్ మేవిస్ కారు తీసుకుని వెళ్ళింది. వంటింట్లో వాళ్ళిద్దరే మిగిలారు. సుమియే సంచీలోంచి సముద్రపు నాచు చుట్టిన అన్నం ముద్దలు తీసి, ఒకటి మేవిస్ ముందు పెట్టింది. తనది మాత్రం ముట్టుకోలేదు.

"నాకో తమ్ముడుండేవాడు," అంది. "ఒక్క పూట బతికాడు. ఆ చలికాలమే యుద్ధం మొదలైంది. సర్కారు వాళ్ళు మా నాన్న పడవ పట్టుకుపోయారు, మా వాళ్ళ పడవలన్నీ పట్టుకుపోయారు. శ్మశానం పెద్ద దీవిలో. తీసుకెళ్ళే దారి లేదు. నాన్న స్నానాల గది వెనకాల తవ్వాడు. రాయి పెడదామన్నాడు. అమ్మ వద్దంది. రాయి పెడితే రేపొచ్చేవాళ్ళు పీకి పారేస్తారు, పువ్వయితే ఎవరూ పీకరు అంది. గోడ పొడుగునా ఉన్న దుంపలన్నీ ఏరి తెచ్చి అక్కడ పాతింది."

మేవిస్ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"మమ్మల్ని పంపేసిన రోజు అవి పూసి ఉన్నాయి. అమ్మ అటు చూడలేదు, నన్నూ చూడొద్దంది. నేను చూశాను."

"కోరీన్‌కి తెలుసా?"

"తెలీదు. పేరు కూడా పెట్టకుండా పోయినవాడి గురించి ఎవరికేం చెబుతాం అనేది అమ్మ. అదే నాకూ అలవాటైంది." సుమియే బల్ల మీద మెతుకు తీసి నోట్లో వేసుకుంది. "రేపు అది మా అమ్మదే అని తేలితే ఏం చేస్తావు?"

"జెండా పెట్టాలండీ. నన్ను పెట్టుకున్నది అందుకే."

"కాదని తేలితే?"

"అక్కడే ఉంటుంది."

"అంటే మా అమ్మది కాకూడదని మొక్కుకోవాలన్నమాట నేను." ఆవిడ కొంచెం నవ్వింది. "నువ్వు అబద్ధం ఆడగలవా అమ్మాయ్?"

"ఆడగలను. ఈ దీవిలో నా అబద్ధాన్ని పట్టుకోగలిగిన వాళ్ళు కూడా లేరు. అదే భయంగా ఉంది."

"ఆడమనట్లేదు. అది మా అమ్మది కాదని నువ్వు అందరిలో చెబితే నేను విని ఊరుకోవాలి కదా. అది కూడా నావల్ల కాదు."

బయట కారు ఆగిన చప్పుడైంది. సుమియే అన్నం ముద్ద కాగితంలో మళ్ళీ చుట్టేసింది.

తెల్లారేసరికి గాలి తగ్గింది గానీ మంచు పట్టేసింది. మేవిస్ అందరికంటే ముందు గట్టెక్కింది. వల పక్కకి ఒరిగిపోయి ఉంది. రెండు మొగ్గల్లో ఒకటి లేదు, తొడిమ మొండి మిగిలింది. రెండోది వల కమ్మీకి ఆనుకుని, తడిసి, ముడుచుకుని ఉంది. ఆమె వల సరిచేసి దాని పక్కనే కూర్చుండిపోయింది. ఎండ రాకపోతే బాగుండుననిపించింది. వెంటనే, ఎండ రాకపోతే గార్త్ తనే విప్పి చూస్తాడని గుర్తొచ్చింది.

తొమ్మిదింటికి జనం రావడం మొదలైంది. పారలు, బకెట్లు, ఫ్లాస్కుల్లో కాఫీ. గార్త్ ఎవరెవరు ఏ మూల తవ్వాలో చెప్పి పంపించాడు. డాఫడిల్‌ల వైపు నుంచి పారలు రాళ్ళకి తగులుతున్న చప్పుడు వినిపిస్తోంది. తల్లిని కోరీన్ నడిపించుకొచ్చి, మడత కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఆ చప్పుడు వినపడ్డప్పుడల్లా సుమియే భుజాలు బిగుసుకోవడం మేవిస్ గమనించింది. కోరీన్ కూడా గమనించి, చలేస్తోందేమోనని శాలువా కప్పింది.

పదకొండు దాటాక మంచు విడిపోయింది. ఎండ ముందు సముద్రం మీద పడి, తరవాత గట్టెక్కి, గోడ మీదికి, గోడ మీంచి మొక్క మీదికి దిగింది. ముగ్గురూ దాన్నే చూస్తున్నారు. చాలాసేపు ఏమీ కాలేదు. తరవాత ఒక రెక్క అంచు తక్కిన వాటి నుంచి విడివడింది. దాని పక్కది కదిలింది. కాఫీ తాగేంతసేపట్లో ఆరు రెక్కలూ వెనక్కి విరుచుకుని పువ్వు విచ్చింది, మొహం మాత్రం నేలకే వంచుకుని.

మేవిస్ బురదలో బోర్లా పడుకుని, కింద నుంచి పైకి చూసింది. భూతద్దం తీయాల్సిన పని కూడా లేకపోయింది. రెక్కల అడుగున ముదురు గీత, కొండ తరవాత కొండలా, చుట్టూ తిరిగి ఉంది. కేసరాల చివర్ల తిత్తులు నల్లగా కనపడేంత ఊదా.

"ఊదా," అంది.

సుమియే కుర్చీలోంచి లేవబోయింది. కోరీన్ పట్టుకుంది. ఆవిడ కూతురి చెయ్యి వదిలించుకుని, మోకాళ్ళ మీద కూలబడి, చిటికెనవేలితో పువ్వు గడ్డం ఎత్తినట్టు ఎత్తి చూసింది. మెల్లిగా వదిలేసింది.

అప్పుడే గార్త్ వచ్చాడు, చేతిలో జెండాల కట్టతో. "విచ్చిందా?"

"విచ్చింది. జపాన్‌దే," అంది మేవిస్ లేస్తూ. "ఈవిడ సుమియే తెరమోతో గారు. ఈ చోటు వాళ్ళదే, మీ నాన్న కొనకముందు."

గార్త్ టోపీ తీశాడు. ముసలావిడకి చెయ్యి ఇచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. చేతిలోని జెండాల వైపు చూసుకున్నాడు. "మీ వాళ్ళ పువ్వని అర్థమైందండీ. కావాలంటే దుంపలన్నీ జాగ్రత్తగా తీసి మీకే ఇచ్చేస్తాం. మీ పెరట్లో పెట్టుకోవచ్చు. ఇక్కడ మాత్రం బయటివేవీ ఉంచకూడదని అనుకున్నాం. ఒకదానికి మినహాయింపిస్తే..."

"దీని కింద మా తమ్ముడున్నాడు," అంది సుమియే.

కోరీన్ చటుక్కున తల్లి మొహంలోకి చూసింది.

"పుట్టిన పూటే పోయాడు. పడవ లేక ఇక్కడే పెట్టాం. గుర్తు కోసం అమ్మ ఈ పూలు పాతింది. వేరే గుర్తేదీ లేదు. సరిగ్గా ఇక్కడేనా, రెండడుగులు అటా అని నేను చెప్పలేను. ఇవి కూడా కాస్త జరిగి ఉంటాయి ఇన్నేళ్ళలో."

గార్త్ జెండాల కట్ట కిందికి దించాడు.

"మా అమ్మ వీటిని కోసి భోజనాల బల్ల మీద పెట్టేది," అన్నాడు. "ఏటా. మాకు తెలీదండీ."

"మీకెలా తెలుస్తుంది. పువ్వు కోస్తే ఏం కాదు. దుంప జోలికి పోకపోతే చాలు."

గార్త్ మొహం ఎర్రబడింది. అతనిది మాట మీద నిలబడే స్వభావం. ఆ గట్టు మీద నాన్న నాటిన ఆపిల్ చెట్లు కూడా తనే కొట్టించాడు. కాస్త దూరంగా వెళ్ళి నిలబడి, మేవిస్‌ని పిలిచాడు.

"నేనొక్కణ్ణీ సరే అంటే సరిపోదు. వీటి విత్తనాలు చీమలు మోసుకుపోతాయని నువ్వే చెప్పావు. తెల్లవాటిలో కలిసిపోతే?"

"కలిసే ఉన్నాయి గార్త్. చుట్టూ చూడు. ఈ ఒంటాకు మొక్కలు వందలున్నాయి. పూయడానికి ఏడెనిమిదేళ్ళు పడుతుంది, అప్పటిదాకా ఏటా ఒక్క ఆకే. వీటిలో తెల్లవేవో, ఇవేవో నాకు తెలీదు. ఇక్కడ పార దించితే రెండూ పోతాయి."

"ఇది ఆవిడ కోసం చెబుతున్నావా, నిజంగా చెబుతున్నావా?"

"ఆవిడ కోసం చెప్పాలనే ఉంది. కానీ ఇది నిజం. వంగి చూడు."

గార్త్ మోకాళ్ళు పట్టుకుంటూ వంగాడు. కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. మచ్చలున్న ఒక ఆకు మీద వేలు పెట్టాడు. "ఇది తెల్లదా?"

"తెలీదు."

"ఇదీ?"

"తెలీదు."

"దీనికి మచ్చలు తక్కువున్నాయి."

"నీడలో ఉంది కనక కావచ్చు. కాకపోనూ వచ్చు."

"నిన్నెందుకు పిలిచామో నాకర్థం కావట్లేదు," అన్నాడు గార్త్. కానీ లేస్తున్నప్పుడు ఆ ఆకుల మీద చెయ్యి పడకుండా, పక్కనున్న రాయి మీద ఆనుకుని లేచాడు.

అతను వెళ్ళి తవ్వేవాళ్ళతో మాట్లాడి వచ్చాడు. గోడ కింద ఎవరూ పార పెట్టొద్దని చెప్పాడు, ఎందుకో చెప్పలేదు. అది తనే ఒకరోజు సంఘంలో చెబుతానన్నాడు. ఒక్క షరతు పెట్టాడు: పూసిన మొక్కల కాయలు ఏటా ఎండి పగలకముందే కోసేయాలి. ఉన్నవి ఉంటాయి, కొత్తవి పాకకూడదు.

"ఎవరు కోస్తారు?" అన్నాడు.

మేవిస్ నోరు తెరిచేలోపు, "నేను," అంది కోరీన్.

రేవుకి వెళ్ళేటప్పుడు కారు మేవిస్ నడిపింది. వెనక సీట్లో తల్లీకూతుళ్ళు కూర్చున్నారు.

"నాకో మేనమామ ఉన్నాడని ముక్కూమొహం తెలీని వాళ్ళకి చెప్పావు," అంది కోరీన్. "నాకు చెప్పలేదు. అరవయ్యేళ్ళొచ్చాయి నాకు."

"నీకు చెబితే ఏడుస్తావు. వాళ్ళకి చెబితే తవ్వడం మానేస్తారు."

కోరీన్ ఏడవలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, తల్లి కోటు అంచుకంటిన బురద గోటితో గీకుతూ కూర్చుంది. పడవెక్కే ముందు మేవిస్ దగ్గరికొచ్చి, కాయలు ఏ నెలలో ముదురుతాయో, ఎలా గుర్తుపట్టాలో అడిగింది. అడిగిందే మళ్ళీ అడిగింది.

జూన్‌లో కోరీన్ ఒక్కతే వచ్చింది. డాక్టరు సుమియేని ప్రయాణం చేయనివ్వలేదు. ఆ ఒక్క పువ్వుకే కాయ పట్టింది. ఆమె, మేవిస్ గోడ దగ్గరికి వెళ్ళేసరికి అది అప్పటికే మూడు పలకలుగా పగిలి ఉంది. లోపల విత్తనాలు సగం కూడా లేవు. నల్ల చీమలు మిగతావాటిని ఒక్కొక్కటే ఈడ్చుకుపోతున్నాయి.

కోరీన్ మొహం పాలిపోయింది. "ఆలస్యంగా వచ్చానా? వాటిని వెతికి తీయలేమా?"

"తీయలేం," అంది మేవిస్. "ఈ ఏడు ఎండలు తొందరగా వచ్చాయి. తప్పు నాది, వారం ముందే వచ్చి చూడాల్సింది."

అక్కడి నుంచే గార్త్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. తిడతాడనుకుంది.

"ఎటు మోసుకుపోతున్నాయి?" అన్నాడు.

"కిందికి. సముద్రం వైపు."

"అటు తెల్లవి పల్చగానే ఉంటాయి," అన్నాడు గార్త్, తనకి తాను నచ్చజెప్పుకుంటున్నట్టు. "సర్లే. పూసినప్పుడు చూద్దాం." ఏడేళ్ళకి తను ఉంటాడో లేదో అన్న మాట అతనూ అనలేదు, మేవిసూ అనలేదు.

కోరీన్ అప్పటికే తల్లికి ఫోన్ కలిపింది. కాయ పగిలిపోయిందని, చీమల సంగతి, అంతా తన తప్పేనని గబగబా చెప్పుకుపోతోంది. తల్లి ఏదో అంది. కోరీన్ ఆగి, వంగి, నేల దగ్గరగా చూసింది.

"ఆఁ, అమ్మా. ఇంకా పోతూనే ఉన్నాయి," అంది. తరవాత ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, చీమల దారికి అడ్డం కాకుండా కాళ్ళు వెనక్కి లాక్కుని, రాతిగోడకి ఆనుకుని కూర్చుంది.